అర స్టాపు వెలుగు

సినిమా వదిలాక హాల్లోంచి బయటికొస్తూ మీరేం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. హీరో ఫైట్లు, హీరోయిన్ చీరలు, రెండో పాటలో స్టెప్పులు... ఆ తరవాత ఎవరో ఒకరు "గ్రాఫిక్స్ మాత్రం అదరగొట్టార్రా!" అంటారు. అంతే, ఆ ఒక్క ముక్కతో మా అందరి లెక్కా తేలిపోతుంది. కోట కట్టిన కుర్రాడూ, పులికి బొచ్చు మొలిపించిన అమ్మాయీ, ఆకాశంలో మబ్బులు పేర్చిన పెద్దమనిషీ - అందరం "గ్రాఫిక్స్" అనే ఒకే మూటలో పడతాం.

ఆ మూటలో బాగా అడుగున ఉండేవాణ్ణి నేను. కోటా నాది కాదు, పులీ నాది కాదు. వాటిని చేసినవాళ్ళు ఇళ్ళకెళ్ళి నిద్రపోయాక, యంత్రాలు రాత్రంతా లెక్కలు కట్టి బొమ్మలు దింపాక, ఆ బొమ్మలకు చివరి మూడు పనులు చేస్తాను. వడగట్టడం, కొలతకు కుదించడం, వెలుగు సరిచేయడం. మా భాషలో ఫిల్టరింగ్, స్కేలింగ్, ఎక్స్‌పోజర్. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని అడిగితే మా అమ్మ "సినిమాల్లో కంప్యూటర్ పని" అని గట్టెక్కేస్తుంది. "హీరోలు కనిపిస్తారా?" అని తరవాతి ప్రశ్న. కనిపిస్తారు! రోజూ కనిపిస్తారు. కాకపోతే తలో మూడంగుళాల ఎత్తున, ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి.

మా ఆఫీసు మాదాపూర్‌లో. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్స్‌కు కేకవేటు దూరం. ఈ చుట్టుపక్కల అద్దాల మేడల్లో బ్యాంకుల లెక్కలూ, విమానాల టికెట్లూ, విదేశీ ఆసుపత్రుల బిల్లులూ చూసే లక్షలమంది మధ్య, రాక్షసులకు కోరలు పెట్టే మాబోటివాళ్ళం కూడా కొంతమంది ఉన్నాం. రాత్రి రెండింటికి అయ్యప్ప సొసైటీ దగ్గర టీ బండి ముందు నిలబడితే ఎవరు బ్యాంకువాళ్ళో, ఎవరు కోరలవాళ్ళో పోల్చుకోవడం కష్టం. అందరి మెళ్ళోనూ ఒకే రకం పట్టీ, అందరి కళ్ళ కిందా ఒకే నలుపు.

ఒకప్పుడు ట్రిక్ షాట్ అంటే మద్రాసు. 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీగారు 1957లో చేసిన మాయలకు కంప్యూటర్ ఊసే లేదు. ఆ పడవ పాటలో వెన్నెల చూశారూ! దీపాలనూ, కెమెరాకు అందే వెలుగునూ లెక్కపెట్టి ఆయన సృష్టించిన వెన్నెల అది. అదే చిత్రానికి మన హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్దితే 2010 జనవరిలో మళ్ళీ విడుదలైంది. 2009 'మగధీర'కూ, 2012 'ఈగ'కూ, 2015 'బాహుబలి'కీ స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ బహుమతులొచ్చాయి. 'ఈగ'కు ఆ బహుమతి అందుకున్న మకుట సంస్థ ఈ ఊరిదే. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చినప్పుడు, ఆ పనిలో రిథమ్ అండ్ హ్యూస్ వారి హైదరాబాద్ శాఖ కుర్రాళ్ళ చెయ్యి కూడా ఉంది. అదే నెలలో ఆ అమెరికా సంస్థ దివాలా పిటిషన్ వేసింది. మా లైన్లో పేరూ బువ్వా ఎప్పుడూ ఒకే బండిలో రావు లెండి.

ఇంతకీ నా పని సంగతి.

నా ముందు బొమ్మల పెట్టెలేమీ ఉండవు. ఒక నల్లటి కిటికీ, అందులో తెల్లటి అక్షరాలు. మౌసుతో పనిలేదు. టైపు మిషను మీద అర్జీ కొట్టినట్టు ఒక వరుస ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కడమే. "ఇదేం సినిమా పనిరా, కరెంటాఫీసు పనిలా ఉంది!" అని ఒక స్నేహితుడు ముక్కున వేలేసుకున్నాడు. కానీ లెక్క చూడండి. సెకనుకు 24 బొమ్మలు. పది సెకన్ల షాట్ అంటే 240. ఒక్కోదాన్ని ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రెండు నిమిషాలు దిద్ది మూస్తే 480 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలు. పది సెకన్ల సినిమాకు ఒక షిఫ్టు! పైగా చేత్తో దిద్దితే మొదటి బొమ్మకూ వందో బొమ్మకూ వెలుగు పిసరంత తేడా వచ్చి తీరుతుంది. తెర మీద అది దీపం రెపరెపలాడినట్టు కనిపిస్తుంది. అదే ఒక్క వరుస ఆజ్ఞయితే 240కీ ఒకే న్యాయం.

ఈ విద్య నాకు సినిమాల్లో రాలేదు. నా మొదటి ఉద్యోగం ఇదే సైబరాబాద్‌లో, కట్టబోయే మేడల్లోకి పగటి వెలుగు ఎంత వస్తుందో ముందే లెక్కకట్టే చోట. కొండాపూర్ వైపు గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది కదా, 2004లో అబ్దుల్ కలాంగారు ప్రారంభించినది, పగలు దీపాల అవసరం పెద్దగా లేకుండా కట్టినది. అలాంటి భవనాలకు ఇలాంటి లెక్కలు పనికొస్తాయి. దీనికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు రేడియన్స్. అమెరికాలో బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ అనే ఆయన 1985లో మొదలుపెట్టాడు. దానితోపాటు వచ్చే బుల్లి ప్రోగ్రాముల్లో ఒకదాని పేరు పీఫిల్ట్. దాన్ని పిలిచి "ఎక్స్ స్లాష్ 2, వై స్లాష్ 2" అంటే పొడవూ వెడల్పూ సగానికి దించుతుంది. "ఈ ప్లస్ 1" అంటే ఒక స్టాపు వెలుగు పెంచుతుంది. ఒక స్టాపు అంటే రెట్టింపు, కెమెరావాళ్ళ లెక్కే. ఎంత పెంచామో ఫైలు నెత్తి మీద "ఎక్స్‌పోజర్" అని రాసి మరీ పెడుతుంది. అంటే అసలు వెలుగు ఎంతో ఎప్పుడు కావాలన్నా వెనక్కి లెక్కకట్టుకోవచ్చు. నిజాయితీ గల గుమాస్తా!

సినిమాలకొచ్చాక ప్రోగ్రాముల పేర్లు మారాయి. ఇక్కడ ఫైళ్ళు ఓపెన్ఈఎక్స్‌ఆర్, 'స్టార్ వార్స్'కు మాయలు చేసిన ఐఎల్‌ఎం వారు 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చేసిన రకం. ఆజ్ఞలు ఓఐఐఓ టూల్‌కు. పేరేదైతేనేం, పని అదే. మామూలు ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉంటాయి. మా ఫైళ్ళలో దివిటీ మంట దివిటీ మంటంత, గోడ మూల చీకటి చీకటంత, దేని లెక్క దానికి ఉంటుంది. తెర మీద అదంతా ఒకేసారి పట్టదు. అందులో మీకెంత చూపించాలన్నది ఎవరో ఒకరు తేల్చాలి.

ముందు కుదించడం గురించి ఒక్క మాట. బొమ్మను పెద్దదిగా చేయించి, తరవాత సగానికి దించుతాం. నాలుగు చుక్కలు కలిసి ఒక్క చుక్క అవుతాయి, గీతల అంచులు రంపంలా కాకుండా నున్నగా వస్తాయి. ఇందులో ఒక కిటుకుంది. దూరంగా కోట గోడ మీద దీపాల వరుస ఉందనుకోండి. నాలుగు చుక్కల్లో ఒకటి వెలిగే దీపం, మూడు చీకటి. దీపానిది నూరు పాళ్ళ వెలుగైతే కలిపిన చుక్కకు పాతిక పాళ్ళు రావాలి. అసలు వెలుగు అంకెల మీద లెక్కకడితే పాతికే వస్తుంది. కానీ బొమ్మను తెరకు తగ్గట్టు మార్చేసిన తరవాత, ఆ మారిన అంకెల మీద సగటు తీశారో, సుమారు అయిదు పాళ్ళే మిగులుతుంది. కోట మీద దీపావళి కాస్తా అమావాస్య అయిపోతుంది! అందుకే ముందు వడగట్టు, తరవాత కుదించు, తెరకు మార్చడం మాత్రం అన్నిటికన్నా ఆఖర. ఉప్పు ఎప్పుడు వెయ్యాలో తెలిసిన వంటమనిషికీ తెలియని వంటమనిషికీ ఉన్నంత తేడా ఇది.

ఇక వెలుగు. ఇది నాకు ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేదు. మా మావయ్య నేర్పాడు.

మా మేనమామ నరసరావుపేటలో ప్రొజెక్టర్ ఆపరేటర్. ఆయన కుర్రతనంలో హాళ్ళలో కార్బన్ ఆర్క్ దీపాలు. రెండు కార్బన్ కడ్డీల మొనలు ఎదురెదురుగా పెట్టి కరెంటిస్తే మధ్యన కళ్ళు చెదిరే వెలుగు పుడుతుంది. కడ్డీలు కాలేకొద్దీ వాటి మధ్య సందు పెరుగుతుంది, తెర మసకబారుతుంది. ఆపరేటర్ నల్లద్దంలోంచి మంట చూసుకుంటూ, మర తిప్పి కడ్డీలను దగ్గరకు జరుపుతుండాలి. ఒక్క నిమిషం ఏమరితే నేల క్లాసులోంచి ఈలలు, బాల్కనీలోంచి తిట్లు. "సినిమా మద్రాసులో తీశార్రా, కానీ వెలుగు మాత్రం నేనిచ్చిందే" అనేవాడు. చిన్నప్పుడు అది గొప్పలు చెప్పుకోవడం అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా బతుకంతా ఆ వాక్యం మీదే నడుస్తోంది.

రెండేళ్ళ కిందటి మాట. ఏ చిత్రమో చెప్పను. ఒక జానపద కథ. రాత్రివేళ కోట లోపల ఒక పొడుగాటి వసారా. ఒక మూల చిన్న ప్రమిద. దాని పక్కన ఒక ముసలి తల్లి, కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. కాసేపటికి కొడుకు దివిటీ పట్టుకుని లోపలికొస్తాడు, ఆమె తలెత్తి చూస్తుంది. అంతే షాట్. వసారా, స్తంభాలు, దివిటీ మంట మావి. ఆ తల్లి మాత్రం నిజం మనిషి. ఏళ్ళ తరబడి గుంపుల్లో, పెళ్ళి పందిళ్ళలో, ఆసుపత్రి సీన్లలో వెనక వరుసలో నిలబడ్డ పెద్దావిడ. ఆమె చేసిన సినిమాల సంఖ్య ఆమెకే గుర్తులేదట. మొహం దగ్గరగా చూపించే షాట్ మాత్రం ఇదే మొదటిదని యూనిట్లో చెప్పుకున్నారు.

దర్శకుడు చూడటానికి పంపే కాపీ సిద్ధం చేసే ఏర్పాటు మా చోట వేరుగా ఉండేది. ఆ ఏర్పాటులో యంత్రమే వెలుగు సరిచేస్తుంది. ప్రతి బొమ్మకూ సగటు వెలుగు కొలిచి, ఎక్కువుంటే తగ్గిస్తుంది, తక్కువుంటే పెంచుతుంది. పీఫిల్ట్ కూడా ఏమీ చెప్పకపోతే ఇదే చేస్తుంది, రెండు విడతల్లో: మొదటి విడత కొలవడం, రెండో విడత దిద్దడం. ఒక్క బొమ్మకైతే బ్రహ్మాండం. కదిలే బొమ్మలకైతే కొంప ముంచుతుంది. ఎలాగంటారా? ప్రమిద ఒక్కటే ఉన్నంతసేపూ వసారా అంతా చీకటి, కాబట్టి యంత్రం వెలుగు పెంచింది. రాత్రి కాస్తా మబ్బు పట్టిన సాయంత్రంలా తయారైంది. దివిటీ లోపలికి రాగానే సగటు అమాంతం పెరిగింది, కాబట్టి యంత్రం వెలుగు తగ్గించేసింది. సరిగ్గా ఆ తల్లి తలెత్తి చూసిన క్షణాన ఆమె మొహం చీకట్లో కలిసిపోయింది!

దర్శకుడి దగ్గర్నుంచి కబురొచ్చింది. "ఆవిడ మొహంలో ఏమీ కనపడటం లేదు. టైమ్ లేదు. ఆ షాట్ తీసేసి కొడుకు మీద కట్ చేద్దాం."

ఆయన తప్పేముంది? ఆయన చూసినదాని మీద ఆయన తీర్పు సరైనదే. కానీ ఆయన చూసింది ఆవిడ నటన కాదు, యంత్రం సగటు. అసలు ఫైలు తెరిచి చూశాను. అందులో ఆవిడ మొహం నిక్షేపంలా ఉంది. కళ్ళలో దివిటీ మంట మెరుపుతో సహా ఉంది. ఉన్న వెలుగు పోలేదు, చూపించలేదంతే.

మా సూపర్‌వైజర్‌గారికి ఫోన్ చేసేసరికి తెల్లవారుజాము మూడు. "సార్, ఆ 240 బొమ్మలకూ ఒకటే ఎక్స్‌పోజర్ కట్టేస్తాను. సగటు చూడను, ఆవిడ మొహాన్ని కొలతగా తీసుకుంటాను" అన్నాను.

"చెయ్యి. కానీ రాత్రి రాత్రిలా ఉండాలి. పగలు చేసేవ్ గనక!" అన్నారాయన.

అక్కడే వచ్చింది చిక్కు. రాత్రి రాత్రిలా ఉండాలంటే ఎంత చీకటి? లెక్క ప్రకారం డిజిటల్ సినిమా తెర మీద తెల్లటి తెలుపు 14 ఫుట్ లాంబర్ట్‌ల వెలుగు ఇవ్వాలి. మా ప్రివ్యూ గదిలో సరిగ్గా అంతే ఉంటుంది, నెలనెలా కొలుస్తారు. కానీ ఊళ్ళలో హాళ్ళు నేను చూడనివా? దీపం పాతబడుతుంది. కొత్త దీపం ఖరీదు. ఓనరు ఇంకో నెల, ఇంకో పండగ అని లాగిస్తాడు. తెర మీద దుమ్ము. ఎగ్జిట్ బోర్డు వెలుగు. సందులోంచి సమోసాల కుర్రాడి లైటు. ప్రివ్యూ గదిలో అందంగా కనిపించిన చీకటి అక్కడ వట్టి నల్ల గుడ్డ అయిపోతుంది. టికెట్ కొన్నవాడు పెద్ద మాల్‌లో కొన్నా, పేటలో కొన్నా డబ్బు డబ్బే కదా!

ఒక స్టాపు పెంచి చూశాను. మొహం బాగుంది. కానీ వసారా మూలలు బూడిదరంగు తిరిగాయి, ప్రమిద దిగులు పోయింది. పెంచకుండా చూశాను. ప్రివ్యూకి చక్కగా ఉంది, కానీ మావయ్య హాల్లో ఏమవుతుందో కళ్ళకు కట్టింది. చివరికి అర స్టాపు దగ్గర ఆగాను. లెక్కలో చెప్పాలంటే ప్రతి చుక్కనూ 1.41తో గుణించడం. ఆజ్ఞలో అంతే, ఒక అంకె. 240 బొమ్మలకూ ఎంటర్ ఒక్కసారే. తెల్లారేలోగా కొత్త కాపీ వెళ్ళిపోయింది, కింద ఒక ముక్క రాసి పెట్టాను: "వెలుగు మాత్రమే సరిచేశాం, బొమ్మ మారలేదు."

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "షాట్ ఉంచండి. రెండు సెకన్లు పొడిగించగలరా?"

ఆ రెండు సెకన్ల కోసం మేమంతా మరో మూడు రాత్రులు మేల్కొన్నాం, అది వేరే కథ!

చిత్రం విడుదలయ్యాక మొదటి ఆదివారం నరసరావుపేట వెళ్ళాను. మావయ్యకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కార్బన్లు పోయి జెనాన్ దీపాలొచ్చినా, ఆ తరవాత డిజిటల్ వచ్చినా, ఆయన హాల్లోకి అడుగుపెట్టగానే చూసేది తెరను కాదు. వెనక్కి తిరిగి క్యాబిన్ కన్నం వంక చూస్తాడు. "దీపం ముసలిదైపోయిందిరా అల్లుడూ" అన్నాడు కూర్చోకముందే. నా గుండె గుభేలుమంది.

ఆ షాట్ వచ్చింది. వసారా మూలలు నేను అనుకున్నదానికన్నా నల్లగా ఉన్నాయి. స్తంభాల చెక్కడం, మా వాళ్ళు నెల రోజులు చెక్కినది, సగం కనపడలేదు. కొడుకు దివిటీతో వచ్చాడు. పెద్దావిడ తలెత్తింది. కనపడింది! మొహమూ, కళ్ళూ, కంట్లో మెరుపూ. వెనక వరుసలో ఎవరో ఇల్లాలు "అయ్యో తల్లీ" అంది, గట్టిగానే. మావయ్య ఏమీ అనలేదు, నా మోకాలి మీద ఒక చరుపు చరిచాడంతే.

చివర్లో పేర్లు వచ్చాయి. చూడటానికి ఎవరూ ఆగలేదు, హాలువాళ్ళు సగంలోనే లైట్లు వేసేశారు. ఆగి చూసినా నా పేరు లేదు, మా రాత్రి షిఫ్టువాళ్ళ పేర్లలో చాలా లేవు. బాధ లేదంటే అబద్ధం. అయితే పెద్దావిడ పేరు మాత్రం ఉంది, పాత్రధారుల వరుసలో. ఆ పేరు పక్కన మా అర స్టాపు కూడా ఉందని నాకూ మావయ్యకూ తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది.

ఈ లైన్లోకి రావాలని ఉబలాటపడే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఆజ్ఞలు వారంలో వచ్చేస్తాయి, దానికి పెద్ద ఫీజులు కట్టి కోర్సులు చేయనక్కర్లేదు. పీఫిల్ట్ ఉచితం, ఓఐఐఓ టూల్ ఉచితం. కన్ను మాత్రం ఉచితంగా రాదు. రాత్రిపూట మీ వీధి దీపం కింద ఎవరి మొహమైనా ఎంతవరకూ కనపడుతుందో గమనించండి. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ఇంటి గోడ మీద ఎక్కడ ఆగిపోతుందో చూడండి. పాత నలుపు తెలుపు చిత్రాలు శబ్దం తీసేసి చూడండి. యంత్రం సగటు చెబుతుంది. ఆ బొమ్మలో ఎవరి మొహం ముఖ్యమో అది చెప్పదు. అది మనమే చెప్పాలి.

ఇక ప్రేక్షక మహాశయులకు, ముఖ్యంగా మొదటి రోజు మొదటి ఆటకు పరిగెత్తేవాళ్ళకు, చేతులెత్తి ఒక విన్నపం. చీకటి సీను వచ్చినప్పుడు దయచేసి జేబులో ఫోను తియ్యకండి. మీరు మెసేజ్ చూసుకునే ఆ నాలుగు క్షణాల్లో మీ పక్కవాడి కళ్ళు చెదిరిపోతాయి. ఇక తెర మీద మేం రాత్రంతా కూర్చుని పోసిన అర స్టాపూ గాల్లో కలిసిపోతుంది.